ఖాళీ గిన్నె, కుచేలుడి అటుకులు

 

ఈ వారం వీడియోలో కుచేలుడి కథ చెప్పుకున్నాం కదా. అందులో ఒక చిన్న విషయం దగ్గర ఇంకాసేపు ఆగాలని నాకుంది, కానీ వీడియోలో టైం సరిపోలేదు. పైగా దాంట్లో మా ఇంటి సంగతి ఉంది, కెమెరా ముందు చెప్పాలంటే మొహమాటం. అందుకే ఇక్కడ రాస్తున్నా.

డిసెంబరు వస్తే మనలో చాలామంది ఆఫీసుల్లో సీక్రెట్ సాంటా పెడతారు. చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లకి, మనం ఎవరో చెప్పకుండా గిఫ్ట్ ఇవ్వాలి. మా టీమ్‌లో లిమిట్ 500 రూపాయలు. నాకు టెస్టింగ్‌లో ఉండే ఒకబ్బాయి పేరు వచ్చింది. మీటింగ్‌లో ఉండగానే ఫోన్‌లో ఒక కాఫీ మగ్గు ఆర్డర్ పెట్టేశాను, నలభై సెకన్లు పట్టిందేమో. రంగు కాగితం చుట్టి, రిబ్బన్ కట్టి వాళ్లే పంపారు. ఆ శుక్రవారం నా డెస్క్ మీదున్న ప్యాకెట్ విప్పితే లోపల అదే మగ్గు! రంగు మాత్రం వేరు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి బందరు బస్సెక్కి కూర్చున్నాక మాత్రం అనిపించింది, నా నలభై సెకన్లు నాకే తిరిగొచ్చాయని.

మాది చిలకలపూడి. మచిలీపట్నంలో కలిసిపోయిన ఊరే. బయటివాళ్లకి మేం రెండిటితో తెలుసు: రోల్డ్ గోల్డ్ నగలు, పాండురంగస్వామి గుడి. 1929లో భక్త నరసింహం గారు ఈ గుడి నెలకొల్పారు. కీర పండరిపురం అని కూడా అంటారు, కీరం అంటే చిలక. ఇక్కడ మనమే గర్భగుడిలోకి వెళ్లి స్వామి పాదాలు తాకి దండం పెట్టుకోవచ్చు. ఆ పాదాల కింద ఇటుక ఎందుకుందో మీకు తెలుసు. పుండరీకుడు అమ్మానాన్నల సేవలో ఉండగా స్వామి గుమ్మం ముందుకొచ్చాడు. లేవడానికి వీల్లేక, చేతికందిన ఇటుక తోసి, కాసేపు దీని మీద నిలబడమన్నాడు. స్వామి ఇప్పటికీ నిలబడే ఉన్నాడు. చిన్నప్పుడు నాకు ఈ కథ వింటే నవ్వొచ్చేది. దేవుడు ఇంటికొస్తే ఇటుకా ఇచ్చేది అని.

సరే, అసలు సంగతి. నేను ఇంటికొచ్చిన మర్నాడు అమ్మ వంటింటి అటక సర్దుతూ ఒక స్టీలు గిన్నె కిందికి దింపింది. మూత ఉన్న పెద్ద గిన్నె. అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. మన ఇంట్లో వాళ్ల పేరు కాదు, ఎదురింటి అత్తయ్య పేరు.

ఎదురింటి అత్తయ్యవాళ్లు క్రైస్తవులు. నాకు గుర్తున్నంతవరకూ ప్రతి క్రిస్మస్‌కీ వాళ్ల ఇంటి నుంచి అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు వచ్చేవి. సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెలు, జంతికలు, సున్నుండలు వెళ్లేవి. మా వీధిలో ధనుర్మాసం అంటే ఒక గుమ్మం ముందు ముగ్గులో గొబ్బెమ్మలు, ఎదురు గుమ్మం మీద వెలిగే కాగితం నక్షత్రం. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై, రాత్రి క్యారల్స్ వాళ్ల డప్పు. బందరుకి ఇది కొత్తేం కాదు. రాబర్ట్ నోబుల్ ఇక్కడ బడి పెట్టింది 1843లో, అదే ఇప్పటి నోబుల్ కాలేజీ. అంటే ఇంచుమించు రెండు వందల ఏళ్లుగా ఈ ఊళ్లో ఒకరి పండగ ఇంకొకరి కిటికీలోంచి కనపడుతూనే ఉంది.

రెండేళ్ల కిందటి క్రిస్మస్‌కి ఆ గిన్నె నిండా వచ్చింది. ఆ వారంలోనే మా మామ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగి మంచాన పడింది. తర్వాతి కార్తీకంలో పోయింది. ఏడాదిపాటు ఇంట్లో పండగల్లేవు. నిరుడు క్రిస్మస్ రోజు అత్తయ్య పళ్లెం తీసుకురాకుండా వట్టి చేతులతో వచ్చి, అమ్మ పక్కన కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. మొన్న కార్తీకంలో సంవత్సరీకం అయింది. ఇంత గొడవలో గిన్నె ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. అత్తయ్యా అడగలేదు.

అమ్మ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "రెండేళ్లురా. ఏ మొహం పెట్టుకుని ఇస్తాం?"

మన ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది, మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. నాన్న చాలా సులువుగా, "అరకిలో బందరు లడ్డు తెచ్చి అందులో పోసి ఇచ్చెయ్యండి" అన్నారు. తప్పేం లేదు, జీఐ గుర్తింపు ఉన్న లడ్డు! కానీ అమ్మ తల అడ్డంగా ఊపింది. "లడ్డు ఊళ్లో అందరూ కొంటారు. ఆ గిన్నెలోకి అత్తయ్య చేత్తో చేసిందే వెళ్లేది."

సమస్య ఏంటంటే, మామ్మ అరిసెల పాకం మా ఇంట్లో ఎవరికీ రాదు. పిండి కొట్టడం, జల్లించడం, ఒత్తడం అమ్మ చేసేది. పాకం దగ్గరికి మాత్రం మామ్మ ఎవర్నీ రానిచ్చేది కాదు. కొలతలు ఎక్కడా రాసి లేవు. సోల, గిద్దె అంటూ ఆమె నోట్లోనే ఉండేవి. నేను పదేళ్లుగా ఊళ్లో లేను. ఫోన్‌లో ఎన్నో రికార్డ్ చేశాను గానీ, ఒక్కసారి కూడా "మామ్మా, పాకం ఎలా చూస్తావు?" అని అడగలేదు. ఆ మధ్యాహ్నం అది బాగా గుచ్చుకుంది.

"నేను చేస్తా" అన్నాను. అమ్మ నవ్వింది. భుజం నొప్పితో ఆమె కలపలేదు కాబట్టి వద్దనలేదు.

ఇంజినీర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? మూడు వీడియోలు చూశాను. మూడింట్లో మూడు కొలతలు. ఎక్సెల్‌లో వేసి సగటు తీశాను (నవ్వకండి). బియ్యం ఒక రోజంతా నానబెట్టి, వడకట్టి, మరలో పట్టించి, తడి ఆరకముందే జల్లించాను. ఇంతవరకూ బాగానే ఉంది. బెల్లం కరిగించి పాకం పెట్టాను. ముదిరితే అరిసెలు రాళ్లవుతాయని అన్ని వీడియోల్లోనూ భయపెట్టారు. ఆ భయంతో ముందే దించేశాను. పిండి పోసి, నువ్వులు వేసి కలిపితే చలిమిడి చూడ్డానికి బాగుంది. మొదటి అరిసె నూనెలో వేశాను. అది పొంగలేదు, మెల్లగా విడిపోయింది. రెండోదీ అంతే. మూడోది వేశాక మూకుట్లో ఇసుక పోసినట్టు అయింది.

అప్పుడు డిసెంబరు 23, రాత్రి ఎనిమిది. అమ్మ ఏం మాట్లాడలేదు. మామ్మ ఉంటే ఏమనేదో ఇద్దరం అనుకుంటున్నాం, పైకి అనట్లేదు.

"బెల్లం వాసన వీధిలోకి వస్తోంది, ఎవరు చేస్తున్నారు వదినా?" అంటూ గుమ్మంలో అత్తయ్య.

ఆమె ఇంట్లో రోల్డ్ గోల్డ్ పని చేస్తుంది, నగలకి రాళ్లు అతికే పని. పండక్కి రెండు రోజుల ముందు, ఇంటి నిండా పని పెట్టుకుని వచ్చింది. మూకుడు చూసింది, నన్ను చూసింది. చలిమిడి చిటికెడు తీసి రెండు వేళ్ల మధ్య నలిపింది. "పాకం లేతలో దించేశావురా అబ్బాయ్. నీళ్లల్లో వేసి చూడలా?" అంది. వెంటనే ఇంటికెళ్లి, ఆమె క్రిస్మస్‌కి పట్టించుకున్న తడిపిండిలోంచి ఒక పళ్లెం నిండా తెచ్చింది. కొద్దికొద్దిగా కలుపుతూ, మధ్యలో ఒకటి నూనెలో వేసి చూస్తూ, చలిమిడిని దారికి తెచ్చింది. అరిసె పొంగింది.

తర్వాత, రేపు నువ్వే పెట్టుకునేప్పుడు చూసుకో అంటూ ఇంకాస్త బెల్లం కరిగించి, పళ్లెంలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి చూపించింది. నీళ్లల్లో అది జారిపోకూడదు, చేత్తో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అవ్వాలి. "మీ మామ్మ ఉండని వేళ్లతో నొక్కి చూసేది. చెవిపోగు రాయి అతికేప్పుడు లక్క ఎలా ఉంటుందో అలా ఉండాలనేది నాకు చెప్పేప్పుడు" అంది.

అమ్మ ఆగిపోయింది. "అత్తయ్య నీకు నేర్పిందా?"

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. అత్తయ్యవాళ్లది దివిసీమ, నాగాయలంక వైపు పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ఆ రోజు సముద్రం ఊళ్ల మీదికి ఎలా వచ్చిందో మన తెలుగు ఇళ్లల్లో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. వేలమంది పోయారు. అత్తయ్యకి అప్పుడు తొమ్మిదేళ్లు. మిగిలిన ఇంటివాళ్లతో కట్టుబట్టలతో చిలకలపూడిలో చుట్టాల పంచన చేరింది. ఐదు వారాలకి క్రిస్మస్. సంక్రాంతికి ఇంకా మూడు వారాలుండగానే మామ్మ అరిసెలు చేసి, అల్యూమినియం గిన్నెలో పెట్టి ఎదురింటికి పంపిందట. ఆ ఇంట్లో అవి తీసి పోసుకోవడానికి వేరే గిన్నె లేదు. కాబట్టి మామ్మ గిన్నె అక్కడే ఉండిపోయింది. అన్నం వండుకున్నారు, నీళ్లు పట్టుకున్నారు.

"రెండేళ్లు మా ఇంట్లోనే ఉంది వదినా ఆ గిన్నె. పిన్నిగారు ఒక్కసారి కూడా అడగలా. రెండేళ్ల తర్వాత మా అమ్మ మొదటిసారి పిండి కొట్టుకుని అరిసెలు చేద్దామంటే, పాకం కుదర్లేదు. పిన్నిగారే వచ్చి నిలబడి చూపించింది. నేను పక్కనే ఉన్నా." ఆమె ఇది చెప్తూ గట్టు మీదున్న తన స్టీలు గిన్నె చూసింది. పేరు ఇటువైపే ఉంది. అమ్మ మొహం తిప్పుకుంది. అత్తయ్య గిన్నె గురించి ఒక్క మాటా అనలేదు, "నూనె కాగుతోంది, కానీ" అంది నాతో.

ఆ రాత్రి పడుకున్నాక నాకు కుచేలుడు గుర్తొచ్చాడు. మనం కథ చెప్పేప్పుడు అటుకుల దగ్గర తొందరపడతాం. తీసుకెళ్లాడు, సిగ్గుపడ్డాడు, కృష్ణుడు లాక్కుని తిన్నాడు, ఇల్లు మేడ అయింది. వ్యాస భాగవతం దశమ స్కంధం 80వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. ఆ అటుకులు కుచేలుడివి కావు. వాళ్ల ఇంట్లో గింజ లేదు. ఆయన భార్య చుట్టుపక్కల ఇళ్లకి వెళ్లి నాలుగు గుప్పెళ్లు అడిగి తెచ్చి, చిరిగిన గుడ్డలో మూట కట్టింది. అంటే ద్వారకకి వెళ్లిన కానుకలో ఊళ్లోవాళ్ల అటుకులున్నాయి, ఆమె అడగడానికి చంపుకున్న మొహమాటం ఉంది, ఆయన నడక ఉంది. "ఇది నేనిచ్చాను" అని ఎవరు చెప్పుకోగలరు? బహుశా ఆయన తల దించుకోవడానికి అదీ ఒక కారణం. మూట చిన్నదనే కాదు, మూట తనది కాదని.

కృష్ణుడు మాత్రం అడిగాడు, ఇంటి నుంచి నాకేం తెచ్చావని. పట్టమహిషులున్న ఇంట్లో, స్నేహితుడు సిగ్గుపడుతున్నాడని తెలిసీ అడిగాడు. చిన్నప్పుడు ఇది నాకు కాస్త మొరటుగా అనిపించేది. ఇప్పుడు అలా అనిపించట్లేదు. అడక్కపోతే ఆ మూట చంకలోనే ఉండి వెనక్కి వెళ్లిపోయేది. అత్తయ్య పళ్లెం నిండా పిండి పట్టుకొచ్చినప్పుడు మేం "అబ్బే, వద్దు, మీకు పండగ కదా" అన్నాం, రెండుసార్లు. తీసుకోవడం మాకు అంత కష్టమైంది. ఎవరికోసం గిన్నె నింపుతున్నామో వాళ్ల పిండే అందులోకి వెళ్లింది మరి!

ఇక్కడ శాస్త్రం తెలిసినవాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. గీత పదిహేడో అధ్యాయంలో దానం మూడు రకాలు. తిరిగి ఏమీ చెయ్యలేనివాడికి, ఇవ్వాలి కాబట్టి, తగిన చోట తగిన వేళ ఇచ్చేది సాత్త్వికం. ప్రత్యుపకారం ఆశించి గానీ, ఫలం మీద కన్నేసి గానీ, మనసులో బాధపడుతూ గానీ ఇచ్చేది రాజసం. మర్యాద లేకుండా, చులకనగా ఇచ్చేది తామసం. నా మగ్గు రాజసంలోనైనా పడుతుందో లేదో నాకు అనుమానమే. మరి గిన్నెకి గిన్నె ఇచ్చుకునే మన పద్ధతి? అదీ ఇచ్చిపుచ్చుకోవడమే కదా, బాకీ తీర్చడమే కదా?

చాలా రోజులు నేనూ అలాగే అనుకున్నాను. మామ్మని ఒకసారి అడిగాను కూడా, ఖాళీగా ఇస్తే ఏమవుతుంది అని. "ఖాళీగా ఇస్తే లెక్క తీరిపోయినట్టురా" అంది. అప్పుడు అర్థం కాలేదు. బాకీ తీర్చేవాడు గిన్నె కడిగి, తుడిచి, ఖాళీగా ఇచ్చేస్తాడు, అక్కడితో సరి. ఏదో ఒకటి వేసి ఇచ్చేవాడు లెక్క తీరకుండా చూసుకుంటున్నాడు. గిన్నె మళ్లీ రావాలి, మళ్లీ వెళ్లాలి. 1977లో ఆ ఇంటివాళ్లు తిరిగి ఏమీ ఇవ్వలేరు, గీతలో చెప్పిన మాటకి అచ్చంగా సరిపోతారు. మామ్మ గీత చదివి చేసిందని నేననను. చదువు రాదు ఆమెకి.

ఇంకో ప్రశ్న కూడా వస్తుందని తెలుసు: మన ఛానల్లో క్రిస్మస్ ఎందుకు? నేను ఎవర్నీ వాళ్ల పండగ చేసుకోమని అనట్లేదు, మా ఇంట్లో నక్షత్రం కట్టలేదు, వాళ్ల గుమ్మంలో గొబ్బెమ్మలు పెట్టలేదు. వాళ్ల కథలోనూ తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు పశువుల పాకలో పుట్టిన బిడ్డకి బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారంటారు, ఆ పండక్కి కానుకలు ఇచ్చుకునేది అందుకే. ఎదురింటివాళ్ల గుమ్మంలోకి గిన్నె పట్టుకెళ్లడానికి మన ధర్మంలో ఏం అడ్డముందో నాకైతే కనపడలేదు.

మీలో ఎవరికైనా చేత్తో చేసి ఇవ్వాలనిపిస్తే ఒక మాట: మొదటిసారే అరిసెల జోలికి వెళ్లకండి. సున్నుండలు చెయ్యండి. మినప్పప్పు సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక పొడి చేసి, బెల్లం తురుము కలిపి, వేడి నెయ్యి పోసి ఉండలు కట్టడమే. పాకం లేదు, భయం లేదు. పప్పు మాడితే మాత్రం దాన్ని ఏదీ కాపాడలేదు, కాబట్టి ఫోన్ పక్క గదిలో పెట్టండి. చేస్తున్నప్పుడు ఇచ్చేది ఎవరికో వాళ్లని కాస్త తలుచుకోండి. వాళ్లకి షుగర్ ఉందా, పళ్లు గట్టిగా ఉన్నాయా, ఇంట్లో ఎంతమంది అని. ఆ ఆలోచన ఆర్డర్ బటన్ దగ్గర రాదు, నాకు రాలేదు. పక్కనుండే వాళ్ల సాయం దొరికితే తీసుకోండి.

24వ తేదీ సాయంత్రం అమ్మా నేనూ వీధి దాటాం. పది అడుగులు కూడా ఉండదు. అమ్మ గిన్నె రెండు చేతులతో పట్టుకుంది. ఏదో చెప్పబోయింది, ఆలస్యమైంది అని కాబోలు. అత్తయ్య మూత తీసి ఒక అరిసె విరిచి నోట్లో వేసుకుంది. "పిన్నిగారి అరిసె కాదు గానీ, పర్లేదు" అంది. అమ్మ నవ్వి, తర్వాత కళ్లు తుడుచుకుంది. అత్తయ్య చెప్పిన కొలతలన్నీ నేను ఫోన్‌లో రాసుకున్నాను, సోలల్లోనే.

క్రిస్మస్ రోజు పొద్దున్న పదింటికి గిన్నె మళ్లీ మా ఇంటికొచ్చింది. పైన గులాబీ పువ్వులు, కింద కజ్జికాయలు. అమ్మ దాన్ని ఈసారి అటక ఎక్కించలేదు, కంటికి కనపడేలా గట్టు మీదే పెట్టింది. సంక్రాంతికి ఇంకా ఇరవై రోజులుంది. "ఈసారి పాకం నేను చూస్తా, నువ్వు పిండి పొయ్యి" అంది.

హైదరాబాద్ వచ్చేప్పుడు ఎనిమిది అరిసెలు స్టీలు డబ్బాలో పెట్టించుకున్నాను. ఆఫీసులో ఆ టెస్టింగ్ అబ్బాయికి డబ్బాతో సహా ఇచ్చి, మగ్గు పంపింది నేనేనని చెప్పాను. డబ్బా ఇంకా వెనక్కి రాలేదు. నేనూ అడగలేదు.